‘ముడే కదా వేశారు, విప్పించుకోవచ్చుగా?’: ఆపరేషన్ తర్వాత మళ్లీ పిల్లలు కావాలనుకునే వాళ్లు తెలుసుకోవాల్సినవి

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసే ముందు ప్రభుత్వాసుపత్రిలో ఒక కాగితం మీద సంతకం పెట్టిస్తారు. దాన్ని చదివి సంతకం పెట్టేవాళ్లు తక్కువ. చదివే పరిస్థితిలో ఉండరు అనడమే న్యాయం. కాన్పు అయి ఒకటో రెండో రోజులు, పక్కన పసిబిడ్డ, చేతికి సెలైన్, వార్డు బయట అమ్మీ, అత్తగారు. సిస్టర్ వేలు పెట్టి చూపించిన చోట సంతకమో, వేలిముద్రో పడిపోతుంది. ఆ కాగితంలో ఉండే అంశాల్లో ఒకటి ఇలా ఉంటుంది: ఈ ఆపరేషన్ శాశ్వతమైనదని నాకు తెలుసు, తర్వాత కావాలనుకుంటే గొట్టాలను మళ్లీ కలిపే ఆపరేషన్ ఉంది గానీ అది పెద్ద సర్జరీ, ఫలిస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఐదేళ్లకో, పదేళ్లకో ఆ మాట అవసరమయ్యే రోజు కొందరికి వస్తుంది. ఉన్న బిడ్డ పోవచ్చు. తలాఖ్ అయి, లేదా భర్త చనిపోయి రెండో నికాహ్ జరగొచ్చు. లేదా చేతిలో నాలుగు రూపాయలు నిలబడ్డాక, ఇంకొకరు ఉంటే బాగుండు అనిపించొచ్చు. అప్పుడు ఇంట్లో వినిపించే మొదటి మాట, ‘ముడే కదా వేశారు, విప్పించుకుంటే పోతుంది’ అని.

తెలుగులో ఈ ఆపరేషన్‌కు వాడే మాటే సగం పొరపాటుకు కారణం. ‘ట్యూబులు కట్టేశారు’, ‘ముడి వేశారు’ అంటాం. ముడి వేసింది విప్పొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కొన్ని ఊళ్లలో ఇంకో అడుగు ముందుకేసి, ఏడేళ్లకో పదేళ్లకో ఆ ముడి తనంతట తానే ఊడిపోతుందని కూడా చెప్పుకుంటారు. అది నిజం కాదు. ఆపరేషన్ అయ్యాక కూడా ఎప్పుడో కొందరికి గర్భం వస్తుంది, ఆ మాట వాస్తవం. అమెరికాలో వేలమంది ఆడవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన ఒక పెద్ద అధ్యయనంలో పదేళ్లలో వెయ్యికి 18 మందికి పైగా గర్భం దాల్చారు. దాన్ని ఆపరేషన్ ఫెయిలవడం అంటారు. దాన్ని నమ్ముకుని ఎదురుచూడటం అంటే విలువైన వయసును పోగొట్టుకోవడమే.

నిజానికి లోపల జరిగేది ముడి కాదు, కోత. గర్భసంచికి రెండు పక్కలా ఒక్కో గొట్టం ఉంటుంది, పొడవు పది పన్నెండు సెంటీమీటర్లు. అండాశయం నుంచి విడుదలైన అండాన్ని చివరనున్న కుచ్చు లాంటి భాగం పట్టుకుని లోపలికి తీసుకుంటుంది. అండం, వీర్యకణం కలుసుకునేది ఆ గొట్టంలోనే. కాన్పు తర్వాత చేసే ఆపరేషన్‌లో గొట్టం మధ్య భాగాన్ని ఉంగరంలా పైకెత్తి, మొదట్లో దారంతో కట్టి, పైన ఉన్న మెలికను కోసి తీసేస్తారు. రెండు కొసలు విడిపోయి మానిపోతాయి. లాప్రోస్కోపీలో అయితే చిన్న సిలికాన్ రింగు తొడుగుతారు. రింగులో ఇరుక్కున్న ముక్కకు రక్తం అందక అది చచ్చిపోతుంది. కొన్నిచోట్ల కరెంటుతో కాల్చేవారు. ఏ పద్ధతిలో చేసినా గొట్టంలో కొంత భాగం పోతుంది. ఎంత పోయింది, ఎక్కడ పోయింది అన్న దాని మీదే తర్వాతి కథంతా ఆధారపడి ఉంటుంది.

ఒక విషయం ఇక్కడే చెప్పేయాలి. గొట్టాలు కోసినంత మాత్రాన అండాశయాలు ఆగిపోవు. నెలసరి మామూలుగానే వస్తుంది. శరీరంలో అమ్మతనం ‘అయిపోయింది’ అని కుమిలిపోనక్కర్లేదు. దారి మాత్రమే మూసుకుపోయింది.

మన రాష్ట్రాల్లోనే ఎందుకింత ఎక్కువ

ఈ ప్రశ్న తెలుగు కుటుంబాలకు మిగతా వాళ్లకంటే దగ్గరిది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెళ్లయి 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఉన్న ఆడవాళ్లలో దాదాపు 38 శాతం మంది ఈ ఆపరేషన్ చేయించుకున్నారు. తెలంగాణలో ఆ లెక్క 62 శాతం దగ్గర ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 70 శాతానికి దగ్గరగా ఉంది. మగవాళ్ల ఆపరేషన్ దేశం మొత్తం మీద 0.3 శాతం. మగవాళ్లది చిన్న ఆపరేషన్, తక్కువ ప్రమాదం. అయినా బాధ్యత మొత్తం ఒకరి ఒంటి మీదే పడింది.

ఎప్పుడూ ఇలా లేదు. ఎమర్జెన్సీ కాలంలో, 1976-77లో ఒక్క ఏడాదిలోనే 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి, వాటిలో ఎక్కువ భాగం మగవాళ్లవే. ఢిల్లీ తుర్క్‌మాన్ గేట్, హరియాణా మేవాత్‌లోని ఉటావర్ గ్రామం పేర్లు ముస్లింల జ్ఞాపకాల్లో ఇప్పటికీ ఉండటానికి ఉన్న కారణాల్లో ఆ బలవంతపు ఆపరేషన్లు కూడా ఉన్నాయి. ఆ వ్యతిరేకత తర్వాత ప్రభుత్వాలు మగవాళ్ల జోలికి పోవడం తగ్గించాయి. కార్యక్రమం ఆడవాళ్ల వైపు మళ్లింది.

దేశంలో ఆడవాళ్లు ఆపరేషన్ చేయించుకునే సగటు వయసు 25, 26 ఏళ్ల దగ్గర ఉంది. మన దగ్గర అంతకన్నా చిన్న వయసులోనే అయిపోతుంది. పద్దెనిమిదికి నికాహ్, ఇరవైకి మొదటి కాన్పు, ఇరవై మూడుకు రెండోది సిజేరియన్. ‘ఎలాగూ పొట్ట కోస్తున్నారు, పనిలో పనిగా అది కూడా చేసేయండి డాక్టరమ్మా’ అనే మాట వినని ప్రసూతి వార్డు ఉండదేమో. ఆ మాట అనేది చాలాసార్లు ఆ అమ్మాయి కాదు.

ఇరవై మూడేళ్ల అమ్మాయికి ముందు ఇంకా ఇరవై ఏళ్ల సంతాన వయసు ఉంటుంది. ఆ ఇరవై ఏళ్లలో ఏం జరుగుతుందో ఎవరికి తెలుసు. పైన చెప్పిన అమెరికా అధ్యయనమే ఇంకో సంగతి కూడా తేల్చింది. 30 ఏళ్లు, అంతలోపు ఆపరేషన్ చేయించుకున్న వాళ్లలో 20 శాతం మంది తర్వాతి 14 ఏళ్లలో ఎప్పుడో ఒకప్పుడు పశ్చాత్తాపపడ్డామని చెప్పారు. 30 దాటాక చేయించుకున్న వాళ్లలో అది 6 శాతం లోపే. మన దేశంలో 2015-16 సర్వేలో ఆపరేషన్ అయిన ఆడవాళ్లలో సుమారు 7 శాతం మంది పశ్చాత్తాపపడుతున్నట్టు చెప్పారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లుల్లో అది ఎక్కువ. ఏడు శాతం అంటే చిన్న అంకెలా కనిపిస్తుంది. కోట్లమంది మీద ఏడు శాతం చిన్నది కాదు. పైగా అత్తగారి ఎదుటో, భర్త ఎదుటో సర్వే వాళ్లు అడిగినప్పుడు ‘పశ్చాత్తాపం లేదు’ అనడమే సులువు.

ముస్లిం ఇళ్లల్లో దీనికి ఇంకో పొర ఉంది. ఆపరేషన్ జాయెజ్ కాదని విని ఉంటారు, అయినా మజ్బూరీలో చేయించి ఉంటారు. కాబట్టి ఆ సంగతి బయటికి చెప్పరు. చెప్పని సంగతి గురించి తర్వాత బాధ కలిగినా చెప్పుకోవడానికి మనిషి ఉండదు. రెండో నికాహ్ మాటలు జరిగేటప్పుడు ఈ మౌనం మరీ ఇబ్బంది పెడుతుంది. అమ్మాయి తరఫు వాళ్లు ఆపరేషన్ విషయం దాచి, ‘తర్వాత చూసుకోవచ్చులే, విప్పించేయొచ్చు’ అనుకుంటే, ఏడాది తిరిగేసరికి ఆ ఇంట్లో గొడవ మొదలవుతుంది. నికాహ్‌కు ముందే చెప్పడం, వీలైతే ఇద్దరూ కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్లి అవకాశం ఎంతుందో తెలుసుకోవడం, ఇదే ఆ అమ్మాయికి రక్షణ.

కలిపే ఆపరేషన్ అంటే ఏమిటి

డాక్టర్లు దీన్ని రీకెనలైజేషన్ అంటారు, కొందరు ట్యూబోప్లాస్టీ అంటారు. పొట్ట కింది భాగంలో సిజేరియన్ కోత లాంటిదే చిన్న కోత పెట్టి, లేదా లాప్రోస్కోపీతో, మూసుకుపోయిన రెండు కొసలను వెతుకుతారు. మానిపోయి గట్టిపడిన భాగాన్ని కత్తిరించి, లోపలి దారి కనబడేదాకా తెరుస్తారు. గర్భసంచి వైపు నుంచి నీలిరంగు మందు పంపి దారి తెరుచుకుందో లేదో చూస్తారు. తర్వాత రెండు కొసలను ఎదురెదురుగా పెట్టి కుడతారు. గొట్టం లోపలి దారి కొన్నిచోట్ల ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అందుకే వెంట్రుక కన్నా సన్నటి దారంతో, మైక్రోస్కోపు లేదా పెద్దగా చూపించే కళ్లద్దాలు పెట్టుకుని కుట్టాలి. మామూలు కోత ఆపరేషన్ చేయగలిగిన ప్రతి డాక్టరూ ఇది బాగా చేయలేరు. ‘ఇప్పటిదాకా ఇలాంటివి ఎన్ని చేశారు, వాళ్లలో ఎంతమందికి బిడ్డ పుట్టింది’ అని అడగడం అగౌరవం కాదు.

ఫలితం ఎంత? రకరకాల దేశాల అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షల్లో, ఈ సర్జరీ తర్వాత గర్భం వచ్చినవాళ్లు సుమారు 42 నుంచి 69 శాతం దాకా ఉన్నారు. అంటే వందమంది చేయించుకుంటే ఇంచుమించు నలభై నుంచి డెబ్బై మందికి గర్భం నిలిచే అవకాశం. ఈ అంకెను మీ ఇంటి అమ్మాయికి నేరుగా అన్వయించుకోకూడదు. ఒకరికి ఎనభై, ఇంకొకరికి పది కావొచ్చు. తేడా ఎక్కడ వస్తుందో చూద్దాం.

అన్నిటికన్నా పెద్దది వయసు. గొట్టం ఎంత చక్కగా కలిపినా లోపల అండం వయసు తగ్గదు. 35 లోపు అవకాశాలు బాగుంటాయి. 35 తర్వాత తగ్గుతూ, 40 దాటాక బాగా పడిపోతాయి. ఆపరేషన్ అయి ఎన్నేళ్లయింది అన్నదానికన్నా ఇప్పుడు వయసెంత అన్నదే ముఖ్యం. ఇరవై మూడులో చేయించుకుని ముప్పై ఒకటిలో వచ్చిన అమ్మాయి పరిస్థితి, ముప్పై ఆరులో చేయించుకుని ముప్పై తొమ్మిదిలో వచ్చిన ఆమెకన్నా మెరుగ్గా ఉంటుంది.

రెండోది, మిగిలిన గొట్టం. కలిపాక నాలుగు సెంటీమీటర్లకన్నా ఎక్కువ ఉంటే మంచిదంటారు. రింగు, క్లిప్పు వేసినవాళ్లలో నష్టం తక్కువ. మధ్యలో కోసిన మామూలు ఆపరేషన్‌లోనూ అవకాశం ఉంటుంది. కాల్చినవాళ్లలో ఎక్కువ ముక్క పాడవుతుంది. చివరి కుచ్చు భాగాన్నే తీసేసి ఉంటే, అండాన్ని పట్టుకునే చెయ్యే పోయినట్టు, అక్కడ కలపడానికి ఇంకేం మిగలదు.

ఈ సంగతి ఎలా తెలుస్తుంది? పొట్ట మీద మచ్చ కొంత చెబుతుంది. బొడ్డు కింద అర్ధచంద్రంలా చిన్న గీత ఉంటే అది కాన్పు అయిన కొద్దిరోజుల్లో చేసినది కావొచ్చు, అప్పుడు గర్భసంచి పైకి ఉంటుంది కాబట్టి అక్కడ కోస్తారు. బొడ్డు దగ్గర, కింద చుక్కల్లాంటి గుర్తులు మాత్రమే ఉంటే లాప్రోస్కోపీ, అంటే చాలావరకు రింగు. సిజేరియన్‌తో పాటే అయితే వేరే మచ్చ ఉండదు. కానీ మచ్చ కన్నా కాగితం గట్టి సాక్ష్యం. డిశ్చార్జ్ సమ్మరీలో, ఆపరేషన్ నోట్స్‌లో ఏ పద్ధతిలో చేశారో రాసి ఉంటుంది. మన ఇళ్లల్లో ఆధార్ కార్డు, రేషన్ కార్డు భద్రంగా దాచుకుంటాం, ఆస్పత్రి ఫైలు మాత్రం బిడ్డ టీకాల కార్డు తీసుకున్నాక ఎటుపోతుందో తెలియదు. ఆ ఫైలు లేకపోతే ఆపరేషన్ చేసిన ఆస్పత్రికి వెళ్లి, తేదీ చెప్పి రికార్డు కాపీ అడగాలి.

మూడోది భర్త. ఇది చెప్పడానికి చాలామంది ఇబ్బంది పడతారు. పాత భర్తతో ఇద్దరు పిల్లలు పుట్టిన ఆమె రెండో నికాహ్ చేసుకుంటే, ఇంట్లో అందరూ ఆమె గొట్టాల గురించే మాట్లాడుకుంటారు. కొత్త భర్త వీర్యకణాల సంఖ్య ఎంతో ఎవరూ అడగరు. ఆమె పొట్ట కోయకముందే ఆయనకు వీర్య పరీక్ష చేయించాలి. అన్ని టెస్టుల్లోకీ సులువైనదీ, తక్కువ ఖర్చయ్యేదీ అదే. లెక్క బాగా తక్కువగా వస్తే గొట్టాలు కలిపి లాభం లేదు, దారి వేరే చూడాలి.

నాలుగోది, అసలు గర్భసంచి ఉందా అన్నది. ఇది వింతగా అనిపించొచ్చు గానీ తెలుగు రాష్ట్రాల్లో అడగాల్సిన ప్రశ్నే. దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు 3 శాతం చుట్టూ ఉంటే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలో 8 శాతానికి పైగా ఉన్నారు. పిల్లల ఆపరేషన్ అయిపోయింది, తెల్లబట్ట, నడుంనొప్పి, ఎక్కువ బ్లీడింగ్, ‘ఇంకేం పని ఉంది దాంతో, తీసేయండి’ అంటారు. ముప్పై రెండులో గర్భసంచి తీసేశాక కలిపే ఆపరేషన్ లేదు, ఐవీఎఫ్ కూడా ఆమె కడుపున బిడ్డను నిలబెట్టలేదు. పిల్లల ఆపరేషన్ అయినంత మాత్రాన గర్భసంచి పనికిరానిది అయిపోదు. రెండో డాక్టర్ మాట వినకుండా దాన్ని తీయించుకోకూడదు.

కలిపే సర్జరీ తర్వాత ఆస్పత్రిలో రెండు మూడు రోజులు, ఇంట్లో కొన్ని వారాల విశ్రాంతి. గర్భం వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఏడాది, ఏడాదిన్నర లోపే వస్తుంది. అంతలోపు రాకపోతే గొట్టాల ఎక్స్‌రే తీసి దారి తెరిచే ఉందో లేదో చూస్తారు.

ఒక్క ప్రమాదం గురించి మాత్రం ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. కుట్టిన చోట గొట్టం ఇరుకుగా ఉంటుంది కాబట్టి పిండం గర్భసంచిలోకి రాకుండా గొట్టంలోనే ఆగిపోవచ్చు. సర్జరీ చేయించుకున్న వందమందిలో నలుగురి నుంచి ఎనిమిది మందికి ఇలా జరుగుతుందని అంచనా. మామూలు గర్భాల్లో ఇది ఒకటి రెండు శాతమే. గొట్టం పగిలితే లోపల రక్తం పోతుంది, ప్రాణం మీదికి వస్తుంది. నెల తప్పగానే ‘మూడో నెల దాకా ఎవరికీ చెప్పొద్దు, దిష్టి తగులుతుంది’ అని కూర్చోకూడదు. వెంటనే పరీక్ష, ఆరో వారంలో స్కానింగ్. పొత్తికడుపులో ఒకవైపు నొప్పి, కొద్దిగా రక్తం కనబడటం, కళ్లు తిరగడం, భుజం నొప్పి, వీటిలో ఏది ఉన్నా రాత్రయినా సరే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ఐవీఎఫ్, ఆలిములు ఏమంటారు

గొట్టాలు పనికిరావని తేలితే, వయసు ఎక్కువైతే, భర్త వైపు సమస్య ఉంటే, ఐవీఎఫ్ మిగులుతుంది. అండాన్ని బయటికి తీసి, ల్యాబులో వీర్యకణంతో కలిపి, పిండాన్ని నేరుగా గర్భసంచిలో పెడతారు. గొట్టాల అవసరమే ఉండదు. ప్రైవేటులో ఒక్క సైకిల్‌కు ఖర్చు సాధారణంగా లక్ష రూపాయలు దాటుతుంది. 35 లోపు వాళ్లలో కూడా ఒక సైకిల్‌లో బిడ్డ చేతికొచ్చే అవకాశం సుమారుగా మూడింట ఒక వంతే. రెండు మూడు సైకిళ్లకు సిద్ధపడి లెక్క వేసుకోవాలి. కలిపే సర్జరీకి ఒకసారి ఖర్చు, ఫలిస్తే ప్రతి నెలా అవకాశం, రెండో బిడ్డకు కూడా అదే దారి. ముప్పై లోపు, ముప్పై చుట్టూ ఉన్నవాళ్లకు సర్జరీ లెక్క చాలాసార్లు కుదురుతుంది. నలభైకి దగ్గరైన ఆమెకు ఏడాది ఎదురుచూసే తీరిక ఉండదు.

2021లో వచ్చిన చట్టం ప్రకారం ఐవీఎఫ్ చేసే క్లినిక్‌కు రిజిస్ట్రేషన్ ఉండాలి. భార్యకు 50, భర్తకు 55 ఏళ్లు దాటితే చేయకూడదు. హైదరాబాద్ గాంధీ ఆస్పత్రిలో 2023లో ప్రభుత్వం సంతాన సాఫల్య కేంద్రం ప్రారంభించింది. అప్పులు చేసే ముందు అక్కడ, జిల్లాలోని మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో ఏమేం అందుబాటులో ఉన్నాయో కనుక్కోవడం మంచిది.

షరియత్ విషయానికొస్తే, ముస్లిం దేశాల సంస్థ ఓఐసీకి చెందిన ఫిఖ్ అకాడమీ 1988 డిసెంబరులో కువైట్‌లో సమావేశమై ఈ విషయంపై తీర్మానం చేసింది. పిల్లలు కనే శక్తిని శాశ్వతంగా పోగొట్టే ఆపరేషన్, షరియత్ గుర్తించే జరూరత్ లేకుండా, ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా నిషిద్ధం. కాన్పుకూ కాన్పుకూ ఎడం కోసం తాత్కాలిక పద్ధతులు వాడటం, భార్యాభర్తలిద్దరి మష్వరాతో, హాని లేకుండా ఉంటే, జాయెజ్. ప్రవక్త (స) కాలంలో సహాబాలు అజ్ల్ పాటించేవారన్న హదీసులు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్నాయి. ఇమామ్ గజాలీ కూడా దాన్ని చర్చించి జాయెజ్ వైపే మొగ్గారు. చాలామంది ఫుకహా అందులోనూ భార్య అనుమతి ఉండాలన్నారు.

మూడో, నాలుగో సిజేరియన్ తర్వాత మళ్లీ గర్భం వస్తే ప్రాణానికే ముప్పని డాక్టర్ చెబితే అది జరూరత్. అలాంటి తల్లిని ‘గునాహ్ చేశావు’ అని ఆడిపోసుకునే హక్కు ఎవరికీ లేదు. అలాంటి ఆమె పశ్చాత్తాపంతో మళ్లీ కలిపించుకోవాలనుకుంటే, ముందు అడగాల్సింది కూడా డాక్టర్నే. ఆనాడు ఉన్న ప్రమాదం ఈనాడూ ఉండొచ్చు.

ఐవీఎఫ్‌పై అదే అకాడమీ 1986లో అమ్మాన్‌లో తీర్మానించింది. నికాహ్‌లో ఉన్న భర్త వీర్యం, భార్య అండం, భార్య గర్భసంచి, ఈ మూడూ అయితే అవసరం మేరకు చేయించుకోవచ్చు. బయటివాళ్ల అండం, వీర్యం, అద్దె గర్భం కుదరవు. నలభై దాటిన ఆడవాళ్లకు కొన్ని క్లినిక్‌లలో దాత అండం గురించి మెల్లగా ప్రస్తావిస్తారు. సంతకాలు పెట్టే ముందు ఎవరి అండం, ఎవరి వీర్యం వాడుతున్నారో కాగితం మీద స్పష్టంగా ఉందో లేదో చదివించుకోవాలి. గొట్టాలు కలిపే సర్జరీలో ఈ సందేహాలేవీ రావు, అది పోయినదాన్ని బాగుచేసే చికిత్స. తమ పరిస్థితి ప్రత్యేకంగా ఉంటే దగ్గర్లోని ముఫ్తీని అడగొచ్చు, డాక్టర్ రిపోర్టు చేతిలో ఉంటే జవాబు సూటిగా వస్తుంది.

ఇంకా ఆపరేషన్ కాని వాళ్లు

కేంద్ర ప్రభుత్వ నియమాల ప్రకారం ఈ ఆపరేషన్‌కు ఆమె వయసు 22 దాటి 49 లోపు ఉండాలి. కనీసం ఒక బిడ్డ, ఆ బిడ్డకు ఏడాది దాటి ఉండాలి, వైద్య కారణం ఉంటే తప్ప. బలవంతంగా గానీ, మత్తులో ఉండగా గానీ సంతకం తీసుకోకూడదు. తాత్కాలిక పద్ధతులు ఉన్నాయని కూడా ముందే చెప్పాలి. భర్త సంతకం తప్పనిసరి కాదు. అత్తగారి మాట ఎక్కడా లెక్కలోకే రాదు. నిర్ణయం ఆమెది.

తాత్కాలిక పద్ధతులు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. కాపర్-టీలో ఒక రకం పదేళ్లు, ఇంకోటి ఐదేళ్లు పనిచేస్తుంది. కాన్పు అయిన 48 గంటల్లోపే వేయించుకోవచ్చు, తీయించుకున్నాక మళ్లీ గర్భం వస్తుంది. గర్భం రాకుండా ఆపడంలో అది ఆపరేషన్‌కు పెద్దగా తీసిపోదు. మూడు నెలలకోసారి వేసే ‘అంతరా’ ఇంజెక్షన్ ఉంది. ‘ఛాయా’ అనే మాత్ర మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికి ఒక్కసారి వేసుకోవాలి. దాంట్లో హార్మోన్ లేదు. కాపర్-టీ వేయించుకుంటే పొట్టలోకి ఎక్కిపోతుంది, కేన్సర్ వస్తుంది అని భయపెట్టే ఖాలాలు ప్రతి మొహల్లాలో ఉంటారు. మొదటి కొన్ని నెలలు బ్లీడింగ్ ఎక్కువ కావడం, ఎప్పుడైనా జారిపోవడం నిజమైన ఇబ్బందులు. కేన్సర్ మాట అబద్ధం.

ప్రభుత్వాల మాట కూడా స్థిరం కాదన్నది గుర్తుంచుకోవాలి. ఇద్దరికన్నా ఎక్కువ పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి వీల్లేదని 1994 నుంచి ఉన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2024 నవంబరులో తీసేసింది. సంతానం తగ్గిపోతోంది, ఎక్కువమందిని కనండి అని ఇప్పుడు నాయకులే చెబుతున్నారు. సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో ఆడమనిషికి సగటున 1.7, తెలంగాణలో 1.8 మంది పిల్లలు. చట్టాన్ని అసెంబ్లీ ఒక్కరోజులో మార్చగలదు.

ప్రభుత్వమే ముందుకొచ్చి గొట్టాలు కలిపించిన సందర్భమూ ఉంది. 2004 డిసెంబరు 26 సునామీలో పిల్లలను పోగొట్టుకున్న తమిళనాడు తల్లులకు అక్కడి ప్రభుత్వం ఈ సర్జరీని ఉచితంగా అందించింది. 2008లో చైనాలోని సిచువాన్ భూకంపం తర్వాత అక్కడా ఇలాగే చేశారు. ఊరంతా ఒకేసారి పిల్లలను పోగొట్టుకున్నప్పుడు అందరికీ కనబడింది. జ్వరంతోనో, చెరువులో పడో, రోడ్డు మీదో ఒక ఇంట్లో ఒక బిడ్డ పోతే ఆ తల్లి విడిగానే తిరగాలి. అలాంటి తల్లికి నలభై రోజులు తిరక్కముందే ‘వెళ్లి కలిపించుకో’ అని తొందరపెట్టడమూ సరికాదు, ఒంటికీ మనసుకూ కొంత వ్యవధి కావాలి. వయసు ముప్పై ఐదు దాటి ఉంటే మాత్రం ఆ వ్యవధిలోనే పరీక్షలు చేయించి పెట్టుకోవడం మంచిది.

మొదటిసారి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు పాత డిశ్చార్జ్ కాగితాలు, సిజేరియన్ జరిగి ఉంటే వాటి వివరాలు, చివరి నెలసరి తేదీ, ఆమె షుగర్, థైరాయిడ్, బీపీ రిపోర్టులు పట్టుకెళ్లాలి. భర్త కూడా వెళ్లాలి, వరండాలో కూర్చోవడానికి కాదు, లోపలికి. పాత ఫైలు దొరక్కపోతే ఆ మాటే డాక్టర్‌తో చెప్పాలి. అప్పుడు పెద్ద కోత పెట్టకుండా ముందు లాప్రోస్కోపీతో లోపలికి చూసి, ఎంత గొట్టం మిగిలిందో కొలిచి, కలపడం కుదురుతుందా లేదా అప్పుడే చెబుతారు.